గద్ద తనంతట తానే రాలేదు

నవంబరు నెల. పొద్దున్నే ఏడు గంటలకు మేరీలాండ్ రాష్ట్రంలో సస్క్వెహానా నది ఒడ్డున, కోనోవింగో డ్యామ్ దిగువన నిలబడి ఉన్నాం. మా అమ్మాయి ఫ్లాస్కులోంచి కాఫీ వంచి ఇచ్చింది గానీ, చలికి వేళ్ళు కొంకర్లు పోయి కప్పు చేతిలో నిలవడం లేదు. మాకు అటూ ఇటూ యాభై మంది దాకా ఉన్నారు. ఒక్కొక్కరి ముందు స్టాండు మీద మోచెయ్యంత లెన్సు. డ్యామ్ టర్బైన్లలో పడి దెబ్బతిన్న చేపలు దిగువకు వచ్చి నీటి మీద సోలిపోయి తేలుతుంటాయి. వాటి కోసం ఏటా ఈ రోజుల్లో గద్దలు గుంపులుగా దిగుతాయి. అవతల కరెంటు టవరు మీద నుంచి ఒకటి లేచింది. ఏడడుగుల రెక్కలు. చప్పుడు లేకుండా మా ముందుకు వాలి, కాళ్ళు చాచి, నీటిని అలా గీరి, పిడికిట్లో తళతళలాడే చేపతో పైకి లేచింది. దాని గోళ్ళ మధ్య నుంచి నీళ్ళు దారంలా కారుతూనే ఉన్నాయి. కెమెరాలన్నీ ఒక్కసారి టకటకలాడాయి.

పక్కనున్న పెద్దాయన నావైపు తిరిగి, కళ్ళు మెరుస్తుండగా అన్నాడు: "మనం విషం చల్లడం మానేశాం. మిగతాదంతా ప్రకృతే చూసుకుంది."

ఆ మాట నాకు కొత్త కాదు. తెలుగులో ఎన్నోసార్లు విన్నదే. లాక్‌డౌన్ రోజుల్లో "మనిషి ఇంట్లో కూర్చుంటే చాలు, ప్రకృతి తన గాయాలు తానే మాన్పుకుంటుంది" అన్న ముక్క ఎన్ని ఫోన్లు తిరిగిందో అందరికీ తెలుసు. పర్యావరణ దినం నాటి ఉపన్యాసాల్లో, బడిపిల్లల వ్యాసాల్లో, ఆదివారం అనుబంధాల్లో ఇదే ధోరణి. రుజువేమిటని అడిగితే ముందుగా చూపించేది అమెరికా గద్దనే. 1972లో డీడీటీ అనే పురుగుమందును నిషేధించారు, గద్ద తిరిగొచ్చింది. రెండే ముక్కల్లో కథ అయిపోతుంది.

ఈ కథ తప్పని నేనంటున్నాను. అందులో సగం నిజం ఉంది కాబట్టి మరింత గట్టిగా అనాలి. గద్ద తనంతట తాను రాలేదు. దాన్ని తెచ్చారు. చెట్లెక్కి, తాళ్ళకు వేలాడి, గుడ్లను అరచేతుల్లో పెట్టుకుని, కోర్టుల్లో వాదించి, ఏళ్ళ తరబడి కాపలా కాసి తెచ్చారు. ఆ చేతుల్ని కథలోంచి చెరిపేస్తే చదవడానికి హాయిగానే ఉంటుంది. కానీ ఆ హాయికి మన దేశంలో మనం ఇప్పటికే మూల్యం కడుతున్నాం. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు పేరు సంగతి. ఇంగ్లీషు పేరును మాటకు మాట మార్చి మన పత్రికలు దీన్ని 'బట్టతల గద్ద' అంటున్నాయి. నిజానికి దాని తల నిండా ఈకలే, పాలలా తెల్లగా. పాత ఇంగ్లీషులో ఆ మాటకు తెల్లదనం అనే అర్థం కూడా ఉండేది. అది మరుగున పడి బట్టతల ఒక్కటే మిగిలింది. అందుకని నేను తెల్లతల గద్ద అంటాను. కాకినాడ దగ్గర కోరంగి మడ అడవుల మీదుగా సముద్రం వైపు తిరిగే తెల్లపొట్ట గద్ద దీనికి దగ్గరి చుట్టమే. రెండింటి బతుకూ నీటితో, చేపతో ముడిపడినదే.

డీడీటీ కథ చెప్పేవాళ్ళు రెండో ప్రపంచ యుద్ధం దగ్గర మొదలుపెడతారు. మనిషి ఈ గద్ద వెంటపడింది అంతకు చాలా ముందు. 1782లో దేశపు రాజముద్ర మీదికి ఎక్కించిన పక్షినే, గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతుందని, సాల్మన్ చేపల్ని తినేస్తుందని కాల్చి చంపారు. అలాస్కాలో 1917 నుంచి 1953 దాకా ప్రభుత్వమే గద్దకింత అని బహుమతి ఇచ్చింది. జత కాళ్ళు నరికి తెచ్చి చూపిస్తే డబ్బు. అలా లెక్కకెక్కినవే లక్షకు పైగా ఉన్నాయి. గద్దను చంపడం నేరమని 1940లో చట్టం చేసినప్పుడు కూడా అలాస్కాను అందులోంచి మినహాయించారు. మరోపక్క నదుల వెంబడి పెద్ద మానులు నేలకూలాయి. నులకమంచం కన్నా వెడల్పైన గూడు కట్టి, దానికి ఏటేటా పుల్లలు చేర్చుకుంటూ పోయే పక్షి ఇది. దానికి బరువు మోసే ముదురు చెట్టు కావాలి, పక్కనే చేపలున్న నీరు కావాలి. ఆ రెండూ లేని చోట డీడీటీ ఉన్నా లేకపోయినా గద్ద ఉండదు.

చట్టం వచ్చిన ముప్పై ఏళ్ళకు కూడా, వ్యోమింగ్ రాష్ట్రంలో పశువుల ఆసాములు హెలికాప్టర్ల మీద నుంచి వందల గద్దల్ని కాల్పించిన సంగతి 1971లో సెనేట్ విచారణలో బయటపడింది. వాటిలో ఎక్కువ భాగం బంగారు గద్దలు అనే మరో జాతివి. కానీ తుపాకీ పట్టినవాడు తల రంగు చూసి ఆగలేదు. మరుసటి ఏడాది చట్టానికి పదును పెట్టి శిక్షలు పెంచారు. కాల్పులు తగ్గాయంటే జరిమానాకూ జైలుకూ భయపడి తగ్గాయి. ఈ అధ్యాయం 'ప్రకృతే చూసుకుంది' అనే కథలో కనిపించదు.

ఇక డీడీటీ. చార్లెస్ బ్రోలీ అనే కెనడా బ్యాంకు మేనేజరు రిటైరయ్యాక చలికాలాలు ఫ్లోరిడాలో గడిపేవాడు. అరవయ్యేళ్ళ వయసులో, 1939లో, గద్దల గూళ్ళెక్కడం మొదలుపెట్టాడు. మన దగ్గర ఆ వయసులో మెట్లెక్కడానికే ఆయాసపడతాం. ఆయన పైన్ చెట్లకు తాడు నిచ్చెనలు వేసి, తల్లిగద్ద నెత్తిమీద తిరుగుతుండగా, వెయ్యికి పైగా పిల్లల కాళ్ళకు ఉంగరాలు తొడిగాడు. 1947 నుంచి ఆయనకొక తేడా కనిపించింది. గద్దలు వస్తున్నాయి, గూడు సర్దుకుంటున్నాయి, గుడ్ల మీద కూర్చుంటున్నాయి. పిల్లలు మాత్రం లేవు. ఏటికేడు ఖాళీ గూళ్ళు పెరిగాయి. ఆయన రాసిపెట్టుకున్న లెక్కలే 1962లో రేచెల్ కార్సన్ 'సైలెంట్ స్ప్రింగ్' పుస్తకంలోకి ఎక్కాయి. చల్లిన మందు వాన నీటితో చెరువుల్లోకి, అక్కడి నుంచి పురుగుల్లోకి, చేపల్లోకి, చేపల నుంచి గద్ద కొవ్వులోకి చేరుతుంది. ఒంట్లో అది డీడీఈగా మారి, గుడ్డు పెంకుకు చేరాల్సిన కాల్షియాన్ని అడ్డుకుంటుంది. పెంకు పల్చబడి, పొదగడానికి కూర్చున్న తల్లి బరువుకే చిట్లిపోతుంది. 1963 నాటికి అలాస్కాను పక్కనబెడితే, అంత పెద్ద దేశంలో లెక్కకు దొరికినవి 417 జంటలే.

1972 జూన్‌లో పర్యావరణ పరిరక్షణ సంస్థ అధిపతి విలియం రకెల్స్‌హౌస్ డీడీటీ మీద నిషేధం ప్రకటించాడు. ఆ నిషేధమూ ఆకాశం నుంచి ఊడిపడలేదు. లాంగ్ ఐలాండ్‌లో డీడీటీ చల్లడాన్ని కోర్టులో సవాలు చేసిన కొద్దిమంది శాస్త్రవేత్తలు, లాయర్లు 1967లో ఒక సంఘం పెట్టుకుని, ఏళ్ళపాటు వ్యాజ్యాలు నడిపారు. కంపెనీలు కూడా తమ లాయర్లనీ తమ శాస్త్రవేత్తలనీ దింపాయి. నెలల తరబడి విచారణ సాగాక వచ్చిన ఉత్తర్వు అది. ఆ నిషేధం లేకుంటే గద్ద బతికేది కాదు. ఇందులో నాకు పేచీ లేదు. నా పేచీ ఆ తర్వాతి వాక్యంతోనే: "మిగతాదంతా ప్రకృతే చూసుకుంది."

ఈ వాక్యం నమ్మేవాళ్ళు కాలిఫోర్నియా తీరంలోని సాంటా కాటలినా దీవికి రావాలి. లాస్ ఏంజిలిస్ దగ్గర మాంట్రోజ్ కెమికల్ అనే కంపెనీ 1947 నుంచి డీడీటీ తయారుచేసేది. దాని వ్యర్థాలు నగరపు మురుగు కాలువల్లోంచి సముద్రంలోకి పోయేవి. అలా పోయిన డీడీటీ 1,700 టన్నులని అంచనా. పాలోస్ వెర్డెస్ ఒడ్డుకు ఎదురుగా సముద్రపు అడుగున అదంతా బురదలో పేరుకుంది. ఒకప్పుడు కాటలినాలో, చుట్టుపక్కల దీవుల నిండా తిరిగిన గద్దలు పూర్తిగా అంతరించాయి. 1980లో జీవశాస్త్రవేత్త డేవిడ్ గార్సెలాన్, ఆయన సహచరులు కాటలినాకు గద్దపిల్లల్ని తెచ్చి వదలడం మొదలుపెట్టారు. ఆరేడేళ్ళలో 33 పిల్లల్ని వదిలారు. తెల్లతల గద్దకు ఈడు రావడానికి అయిదేళ్ళు పడుతుంది. ఆగారు. 1987లో జంటలు కట్టి గుడ్లు పెట్టాయి.

ఆ గుడ్లు పగిలిపోయాయి.

నిషేధం వచ్చి అప్పటికి పదిహేనేళ్ళు. ఆ దీవి గద్దలు కొత్తగా వచ్చినవి, ఆరోగ్యంగా ఉన్నవి. కానీ అవి తినే చేప ఆ బురద మీద పెరిగిందే. ప్రకృతి తన పని తాను చూసుకుంటుందని అక్కడ ఊరుకుని ఉంటే, గద్దలు ఏటా గుడ్లు పెట్టుకుంటూ, పగలగొట్టుకుంటూ, ముసలివై చచ్చిపోయి ఉండేవి. గార్సెలాన్ బృందం ఊరుకోలేదు. 1989 నుంచి వాళ్ళు చేసిన పని వింటే నమ్మబుద్ధి కాదు. గద్ద గుడ్డు పెట్టిందని తెలియగానే హెలికాప్టరు లేస్తుంది. దాని కింద పొడవాటి తాడుకు ఒక మనిషి వేలాడుతుంటాడు. సముద్రం మీదికి పొడుచుకొచ్చిన కొండచరియ మీద గూడు. ఆ మనిషి గూటి అంచున దిగి, పెంకు పల్చబడిన అసలు గుడ్లను మెత్తగా పెట్టెలో పెట్టుకుని, వాటి చోట అచ్చం అలాంటివే ఉత్తుత్తి గుడ్లు పెడతాడు. తల్లి తిరిగొచ్చి వాటి మీదే కూర్చుంటుంది. అలా కూర్చోవడం ఆపితే ఆ ఏడాదికి జంట పొదుగుడు మానేస్తుంది, అందుకే ఆ ఉత్తుత్తి గుడ్లు. అసలు గుడ్లు శాన్ ఫ్రాన్సిస్కో జంతు ప్రదర్శనశాలకు వెళతాయి. అక్కడ పొదిగే యంత్రంలో వేడి, తేమ చూస్తూ వాటిని కాపాడతారు. అన్ని గుడ్లూ నిలవవు. నిలిచి పిల్ల బయటికొస్తే కొన్నాళ్ళు సాకి, మళ్ళీ అదే తాడు మీద తీసుకెళ్ళి, ఉత్తుత్తి గుడ్లు తీసేసి, పిల్లను గూట్లో పెట్టి వస్తారు. తల్లిగద్ద దాన్ని తన పిల్లగానే చూసుకుని చేప ముక్కలు నోటికందిస్తుంది.

ఇది ఒక ఏడాది చేసిన సాహసం అనుకోవద్దు. ప్రతి వసంతంలో, ప్రతి గూటికీ, పదిహేడు పద్దెనిమిదేళ్ళ పాటు చేశారు. ఆ పక్షులకు వాళ్ళు మంత్రసానులయ్యారు. ఉత్తరాన ఉన్న దీవుల్లో 2002 నుంచి 2006 దాకా మరో 61 పిల్లల్ని వదిలారు. 2006లో సాంటా క్రూజ్ దీవిలో, 2007లో కాటలినాలో గద్దలు ఎవరి సాయమూ లేకుండా పొదిగి పిల్లల్ని చేశాయి. నిషేధానికీ ఆ కాటలినా పిల్లకీ మధ్య ముప్పై అయిదేళ్ళు. ఈ పనికి డబ్బెక్కడిదంటే, మాంట్రోజ్ కంపెనీ మీద, దానితో పాటు ఇతర బాధ్యుల మీద ప్రభుత్వం 1990లో దావా వేసి, పదేళ్ళు పోరాడి రాబట్టిన దాదాపు 14 కోట్ల డాలర్లలో ఒక వాటా. తాడు మీద వేలాడిన మనిషినీ, దావా నడిపిన లాయరునూ కూడా 'ప్రకృతి' ఖాతాలో వేసేద్దామా?

దేశానికి అటు కొసన న్యూయార్క్‌లో మరో రకం శ్రమ. ఆ రాష్ట్రంలో డెబ్బైల నాటికి గూడు కట్టే గద్దలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 1976లో కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థిని టీనా మోరిస్, మాంటెజూమా అభయారణ్యంలో ఒక ఎత్తైన చెక్క మంచె మీది బోనులో రెండు గద్దపిల్లల్ని పెట్టి సాకింది. ఇది డేగల్ని పెంచే వేటగాళ్ళ పాత విద్య. పిల్లకు మనిషి కనబడకూడదు. కనబడితే మనిషిని చూసి తిండి అనుకుంటుంది, ఆ అలవాటే దాని ప్రాణం తీస్తుంది. అందుకని మరుగున ఉండి చేపలందించాలి, మరుగున ఉండే గమనించాలి. పొలంలో మంచె మీద పంట కాసిన వాళ్ళకు ఆ ఒంటరి కాపలా ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పన్నెండు వారాలకు బోను తలుపు తీస్తారు. ఎగిరాక కూడా కొన్నాళ్ళు మంచె మీద చేపలు పెడుతూనే ఉంటారు, వేట నేర్చుకునేదాకా. 1980లో, అలా పెరిగిన పక్షులు తాముగా గూడు కట్టి పిల్లల్ని లేపాయి. ఆ తర్వాత రాష్ట్ర ఉద్యోగి పీటర్ నై సారథ్యంలో 1988 దాకా మొత్తం 198 పిల్లల్ని తెచ్చి వదిలారు. చాలా భాగం అలాస్కా నుంచే. ఒకప్పుడు జత కాళ్ళకు డబ్బిచ్చిన అలాస్కా నుంచి.

ఓక్లహోమాలో సటన్ పక్షి పరిశోధనా కేంద్రం వాళ్ళు ఫ్లోరిడా గూళ్ళ నుంచి గుడ్లు తెచ్చారు. సీజన్ మొదట్లోనే గుడ్డు తీస్తే తల్లి మళ్ళీ పెడుతుంది. ఆ లెక్క ప్రకారం ఫ్లోరిడాకు నష్టం లేకుండా 1984 నుంచి 1992 దాకా 275 పిల్లల్ని పెంచి ఓక్లహోమాలోనూ మరో నాలుగు దక్షిణాది రాష్ట్రాల్లోనూ వదిలారు. మసాచుసెట్స్ క్వాబిన్ జలాశయం దగ్గర 41, ఇండియానాలో 73. మేరీలాండ్‌లోని పటక్సెంట్ కేంద్రంలో బందీ జంటల నుంచి 124 పిల్లలు పుట్టాయి. పేర్లు, అంకెలు ఇంకా ఉన్నాయి, ఆపుతాను.

ఇక్కడ నాకు ఎదురయ్యే అసలైన ప్రశ్న ఒకటుంది, దాన్ని దాటవేయను. మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ ఉత్తర భాగాల్లో, చెసపీక్ అఖాతం చుట్టూ గద్దలు పూర్తిగా పోలేదు. అక్కడ మంచెలూ, ఉత్తుత్తి గుడ్లూ పెద్దగా అవసరం పడలేదు. డీడీటీ తగ్గగానే గుడ్లు నిలిచాయి, జంటలు పెరిగాయి. ఈ రోజు కోనోవింగో దగ్గర వాలే పక్షుల్లో ఎక్కువ భాగం అలాంటి వంశాలవే అయి ఉండవచ్చు. మరి అక్కడ ప్రకృతే చూసుకున్నట్టు కాదా?

కాదు. అక్కడ గూటిచెట్టు నరకడానికి వీల్లేదని నియమాలు పెట్టారు. ఇప్పటికీ కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గూటికి 330 అడుగుల లోపల చెట్లు తెగనరకకూడదు. గుడ్లూ పిల్లలూ ఉండే కాలంలో 660 అడుగుల లోపల కలప కొట్టడం, బాట వేయడం మానుకోవాలి. 1972లోనే వచ్చిన స్వచ్ఛజల చట్టం వల్ల నదుల్లో చేప బతికింది. 1973 డిసెంబరులో అంతరించిపోతున్న జీవుల చట్టం వచ్చింది. దాని కింద 1978లో 43 రాష్ట్రాల్లో గద్దను అంతరించే ప్రమాదంలో ఉన్నదిగా, మరో అయిదింటిలో ముప్పులో ఉన్నదిగా ప్రకటించారు. దాంతో ఏ రోడ్డుకైనా, ఏ ఆనకట్టకైనా అనుమతి ఇచ్చే కేంద్ర అధికారి ముందు గద్ద సంగతి చూడక తప్పలేదు. గద్దకు ఓర్పూ సంతానశక్తీ ఉన్నాయి, ఒప్పుకుంటాను. విత్తనంలో మొలిచే శక్తి ఉంది కదా అని రైతు లేకుండా పంట పండిందని ఎవరైనా అంటారా?

అరిజోనా సంగతి చెప్పకుండా ఉండలేను. ఆ ఎడారి నదుల గట్ల మీద కొద్ది జంటలే ఉండేవి. 1978 నుంచి అక్కడ గూళ్ళకు కాపలా పెట్టారు. చలికాలం చివర నుంచి ఎండాకాలం దాకా, పొద్దుపొడుపు నుంచి చీకటి పడేదాకా, దూరం నుంచి దుర్భిణి పట్టుకుని చూస్తూ కూర్చునేవాళ్ళు. పడవ దగ్గరికొస్తే ఆపి చెబుతారు. గూట్లోకి చేపతో పాటు గాలపు దారం వచ్చి పిల్ల కాలికి చుట్టుకుంటే కబురు చేస్తారు, మరొకరు గూడెక్కి కత్తిరిస్తారు. పిల్ల వడదెబ్బకు గూట్లోంచి కింద పడితే ఎత్తుకొచ్చి, తేరుకున్నాక మళ్ళీ పెడతారు. జింక మీదా పులి మీదా సినిమాలు తీసేవాళ్ళకు ఇందులో చూపించడానికి ఏమీ ఉండదు. ఎండలో ఒక మనిషి, ఒక నోటుపుస్తకం, అంతే.

ఇప్పుడు ఫలితం చూడండి. 1995లో గద్ద స్థాయి 'ముప్పు'కు తగ్గింది. 2007లో, 9,789 జంటలు ఉన్నాయని లెక్క తేలాక, జాబితా నుంచే తీసేశారు. 2021లో వెలువడిన లెక్క ప్రకారం అలాస్కాను మినహాయించి 3,16,700 గద్దలు, 71 వేలకు పైగా జంటలు. 2024 డిసెంబరులో దాన్ని చట్టబద్ధంగా జాతీయ పక్షిని చేశారు. ఇంత గొప్ప విజయాన్ని చూసి కూడా కొందరు తీసే సారం వింటే గుండె కలుక్కుమంటుంది: పక్షి తనే కోలుకుంది, కాబట్టి చట్టాలు సడలించవచ్చు. ఇది ఊహ కాదు. ఒక జీవి ఉండే చోటును పాడుచేయడం కూడా ఆ జీవికి 'హాని' చేయడమేనన్న నిర్వచనాన్ని ఎత్తేయాలని 2025 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వమే ప్రతిపాదించింది. ప్రకృతే చూసుకుంటుందన్న మాట ఉపన్యాసాల్లో ఉన్నంతకాలం తియ్యగానే ఉంటుంది. అది ఫైలు మీదికి ఎక్కినప్పుడు గూటిచెట్టు మీద గొడ్డలి పడుతుంది.

కోలుకున్న పక్షి కూడా నిశ్చింతగా లేదు. వేటగాడు జింకను కాల్చి, పేగులు అక్కడే వదిలేసి పోతాడు. సీసపు తూటా లోపల చిట్లి ఉంటుంది. గద్ద ఆ పేగుల్ని తింటుంది. బియ్యపు గింజంత సీసం చాలు, రెక్కలు వేలాడిపోతాయి, గోళ్ళు పిడికిలిగా బిగుసుకుపోతాయి, తల ఎత్తలేదు. 2022లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం 38 రాష్ట్రాల్లో 1,210 గద్దల్ని పరీక్షించి, తెల్లతల, బంగారు గద్దలు రెండింటిలోనూ దాదాపు సగం పక్షుల ఎముకల్లో దీర్ఘకాలపు సీసపు విషం ఉందని తేల్చింది. నీటిపక్షుల వేటలో సీసపు గుళ్ళను దేశమంతటా 1991లోనే ఆపించారు, అదీ కోర్టు కేసు వల్ల. జింకల వేటకు దేశమంతటికీ వర్తించే అలాంటి నియమం లేదు. కేంద్ర అభయారణ్యాల్లో సీసాన్ని క్రమంగా తొలగించాలని 2017 జనవరిలో ఇచ్చిన ఉత్తర్వును ఆ మార్చిలోనే రద్దు చేశారు. ఆ సీసాన్ని నేలలోంచి ఏరడానికి ప్రకృతికి చేతులు లేవు.

ఇక మన దేశం కట్టిన మూల్యం. రాబందుల కథలో మొదటి సగం గద్ద కథకు అచ్చు నకలు. పశువులకు నొప్పి తగ్గడానికి వాడిన డైక్లోఫెనాక్, ఆ పశువు చచ్చాక కళేబరం ద్వారా రాబందు మూత్రపిండాల్ని తినేసింది. ఈ సంగతి 2004లో తేలింది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. తెల్లవీపు రాబందులు అప్పటికే నూటికి తొంభై తొమ్మిదికి పైగా పోయాయి. మా చిన్నప్పుడు ఊరి చివర కళేబరం పడేస్తే సాయంత్రానికి ఎముకలు తెల్లగా మెరిసేవి. ఇప్పుడు అది కుళ్ళుతూ ఉంటుంది, కుక్కలు గుంపులు కడతాయి. రాబందుల లోటు వల్ల 2000 నుంచి 2005 మధ్య దేశంలో దాదాపు 5 లక్షల అదనపు మరణాలు సంభవించాయని ఇద్దరు ఆర్థికవేత్తలు 2024లో ప్రచురించిన అధ్యయనం అంచనా కట్టింది.

నిషేధం వచ్చింది కదా, మిగతాది ప్రకృతి చూసుకోవాలి కదా? దాదాపు ఇరవయ్యేళ్ళయింది. రాబందులు తిరిగి రాలేదు. తెల్లతల గద్ద ఏటా రెండు, ఒక్కోసారి మూడు గుడ్లు పెడుతుంది. రాబందు పెట్టేది ఒక్కటే. డైక్లోఫెనాక్ పోయిన చోటికి అంతే ప్రమాదమున్న వేరే మందులు వచ్చాయి. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను ఆపడానికి 2023 దాకా పట్టింది. హరియాణాలోని పింజోర్‌లో, మన హైదరాబాద్ నెహ్రూ జూపార్కులో రాబందుల్ని జాగ్రత్తగా పెంచుతున్నారు. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో, పాలరాపు గుట్ట మీద 2013లో పొడుగుముక్కు రాబందుల గూళ్ళు కనబడ్డప్పుడు అటవీశాఖ స్థానికుల్ని కాపలాకు పెట్టింది. అరిజోనాలో చేసింది ఇదే. మన దగ్గర లేనిది ఇష్టం కాదు, తెలివి కాదు. ఇది ముప్పై నలభై ఏళ్ళ పని అనే ఒప్పుకోలు లేదు. నిషేధం ఉత్తర్వు చేతికి రాగానే పని అయిపోయిందని చేతులు దులుపుకున్నాం. గద్ద కథను సగమే నేర్చుకున్నందుకు పడిన శిక్ష ఇది.

పోయిన ఎండాకాలం మా మేనమామ వాళ్ళ ఊళ్ళో గేదె కాలు వాచి లేవలేకపోయింది. పశువుల డాక్టరు సెలవులో ఉన్నాడని, మండల కేంద్రంలో ఒక మందుల షాపుకు వెళ్ళాను. షాపు పేరు అవసరం లేదు, అలాంటివి ఊరూరా ఉన్నాయి.

"గేదెకు నొప్పి సూది మందు కావాలండీ."

"డైక్లో ఇస్తా సార్. మూడు మిల్లీలీటర్లవే వస్తున్నాయి, అయిదు తీసుకెళ్ళండి."

మనుషుల మందు పశువుల దాకా వెళ్ళకూడదనే 2015లో పెద్ద సీసాల్ని ఆపేసి, ఒక్క మోతాదు పట్టే చిన్నవే అమ్మాలన్నారు. ఆయన ఆ అయిదింటికీ రబ్బరు బ్యాండు వేసి కౌంటరు మీద పెట్టాడు. రాబందుకు హాని చేయని మందు మెలాక్సికామ్ ఉందా అని అడిగాను. లోపల అరలోకి వెళ్ళి వెతికి, దుమ్ము తుడుచుకుంటూ ఒక సీసా తెచ్చాడు.

"ఉంది సార్. ఎవరూ అడగరు."